చెరువులో చేపలున్నాయి సరే, పుడుతున్నాయా?

ఎండాకాలం చెరువు పట్టినప్పుడు ఎన్ని క్వింటాళ్లు పడ్డాయి, అందులో బొచ్చె ఎంత, రవ్వ ఎంత, వ్యాపారి కిలోకు ఎంత కట్టాడు? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మత్స్య సహకార సంఘాల నోట ఈ లెక్కలు గడగడా వస్తాయి. అంతకు ముందు వానాకాలంలో ఎన్ని వేల చేపపిల్లలు పోశారన్నదీ గుర్తుంటుంది. ఈ రెండు లెక్కల సందులోంచి ఒక ప్రశ్న జారిపోతుంది. తెచ్చి పోసినవి పోను, ఆ చెరువులోనే గుడ్డయి, అక్కడే పిల్లయి, అక్కడే పెరిగిన చేపలెన్ని? హార్మోన్ల పనిని చెడగొట్టే రసాయనాల గురించి మాట్లాడాలంటే మొదట ఈ ప్రశ్న దగ్గరే ఆగాలి. వాటి దెబ్బ ఎక్కువగా తగిలేది చావు మీద కాదు, పుట్టుక మీద. చచ్చి తేలిన చేపలు ఒడ్డుకు కొట్టుకొస్తే ఊరంతా చూస్తుంది, పేపర్లో ఫొటో వస్తుంది. పుట్టకుండా పోయిన చేప ఎవరి కంటా పడదు.

ఈ విషయం మీద ప్రపంచంలో ముప్పై ఏళ్లకు పైగా పరిశోధన సాగింది. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన చెరువుల మీద రుద్దితే పొరపాటు. మనకెందుకులే అని వదిలేస్తే ఇంకా పెద్ద పొరపాటు. అందులో మనకు పనికొచ్చేదేది, పనికిరానిదేది అన్నదే ఈ సమీక్ష.

చేప ఒంట్లో హార్మోన్ల పెత్తనం

చేపల సంతానం హార్మోన్ల చేతిలో ఉంటుందని మన మత్స్యరంగానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. బొచ్చె, రవ్వ, మృగాల నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఏటా జాతీయ చేపల రైతుల దినోత్సవం జరుపుకొంటున్నాం. హేచరీలన్నీ ఆ సూది పుణ్యమే. తిలాపియా హేచరీల్లో ఇంకో పద్ధతి ఉంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాల పాటు మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపిన మేత పెడితే, ఆడవి కావలసినవి కూడా దాదాపు అన్నీ మగవే అవుతాయి. మగవి త్వరగా బరువు పెరుగుతాయి, చెరువులో అడ్డూ అదుపూ లేకుండా పిల్లలు పెట్టవు కాబట్టి రైతుకు లాభం.

హేచరీలో తెలిసి, కొలిచి చేసే ఈ పనిని నదుల్లో, చెరువుల్లో తెలియకుండా, కొలత లేకుండా చేస్తున్నామన్న సంగతి మెల్లగా బయటపడింది. 1991లో అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో థియో కోల్‌బర్న్ చొరవతో శాస్త్రవేత్తలు సమావేశమై ఇలాంటి రసాయనాలన్నిటినీ కలిపి ఎండోక్రైన్ డిస్రప్టర్లు అన్నారు. ఇవి ప్రధానంగా మూడు రకాలుగా పనిచేస్తాయి. కొన్ని ఒంట్లోని ఈస్ట్రోజెన్‌లా నటిస్తాయి. కొన్ని అసలు హార్మోన్‌కు చోటివ్వకుండా అడ్డుపడతాయి. ఇంకొన్ని హార్మోన్ తయారీనే మారుస్తాయి. టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చే అరోమటేస్ అనే ఎంజైమును ఆపేసే అజోల్ తెగులు మందులు ఈ మూడో కోవలోవి. మనిషి ఒంట్లో ఉండే ఈస్ట్రాడయోలే చేప ఒంట్లోనూ ఉంటుంది. అందుకే మన ఇళ్ల మురుగు చేపకు పరాయి సరుకేమీ కాదు.

దీన్ని పట్టుకునే సాక్ష్యం ఒకటి చేప రక్తంలోనే దొరుకుతుంది. గుడ్డులోని పచ్చసొనకు ముడిసరుకైన విటెల్లోజెనిన్ అనే ప్రొటీన్ ఈస్ట్రోజెన్ ఆజ్ఞతో కాలేయంలో తయారవుతుంది. మగచేపకు దానితో పని లేదు. మగచేప రక్తంలో అది దండిగా కనిపించిందంటే నీటిలో ఈస్ట్రోజెన్ లాంటిదేదో ఉన్నట్టే.

ఇంగ్లండ్ నదులు, కెనడా చెరువు

ఇంగ్లండ్‌లో మురుగు శుద్ధి కేంద్రాల దిగువన పట్టిన రోచ్ చేపల్లో మగవాటి వృషణాల్లో గుడ్లు కనిపించాయి. బ్రూనెల్ విశ్వవిద్యాలయానికి చెందిన సుసాన్ జాబ్లింగ్, జాన్ సంప్టర్ బృందం ఇది ఏ ఒక్క నదికో పరిమితం కాదని, దేశమంతటా ఉందని 1998లో చూపించింది. కారణం కోసం వెతికితే మనుషుల మూత్రంలోని సహజ ఈస్ట్రోజెన్లు, గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రాడయోల్, డిటర్జెంట్ల నుంచి పుట్టే నోనైల్‌ఫినాల్ తేలాయి.

చేపల తీరు మారడం వేరు, చేపల సంఖ్య పడిపోవడం వేరు. ఈ రెండో సంగతి తేల్చడానికి కెనడా శాస్త్రవేత్తలు ఒంటారియోలో ఒక సరస్సునే ప్రయోగశాల చేశారు. 2001 నుంచి 2003 దాకా మూడు వేసవులు అందులో లీటరుకు 5, 6 నానోగ్రాముల మేర ఇథినైల్ ఈస్ట్రాడయోల్ కలిపారు. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని తిని బతికే పెద్ద చేపలకూ ఆ దెబ్బ తగిలింది. కరెన్ కిడ్ బృందం 2007లో ఈ ఫలితాలు ప్రచురించింది. రసాయనం కలపడం ఆపేశాక కొన్నేళ్లకు ఆ చిన్న చేపలు తిరిగి కోలుకున్నాయి.

ఆ మోతాదును మన కొలతల్లోకి తెస్తే నివ్వెరపోతాం. 35 ఎంసీఎఫ్‌టీ నీరు పట్టే చెరువును తీసుకుందాం. అంటే దాదాపు వంద కోట్ల లీటర్లు. లీటరుకు 5 నానోగ్రాములు చొప్పున ఆ చెరువు మొత్తానికి కావలసింది కేవలం 5 గ్రాములు.

ఇంతటితో కథ తేలిపోయిందనుకుంటే తొందరపాటే. లైంగిక మార్పు బాగా ముదిరిన మగ రోచ్ చేపల సంతాన సామర్థ్యం మూడొంతులకు పైగా పడిపోతుందని 2011లో ఒక అధ్యయనం చెప్పింది. కానీ 2014లో జన్యు పరీక్షలతో చేసిన మరో అధ్యయనం, మురుగు ఎక్కువగా కలిసే ఇంగ్లండ్ నదుల్లో కూడా రోచ్ సంతతి ఎవరూ తెచ్చి పోయకుండానే తనంతట తాను నిలబడుతోందని తేల్చింది. రెండూ నిజమే. చేప వేలల్లో గుడ్లు పెడుతుంది. కొన్ని మగవి పనికిరాకపోయినా మిగిలినవి ఆ లోటు పూడ్చగలవు. ఎక్కువేళ్లు బతికే చేప ఒక చెడ్డ ఏడును ఓర్చుకుంటుంది. రెండు మూడేళ్లకు మించి బతకని చిన్న చేపకు వరసగా రెండేళ్లు పిల్లలు లేకపోతే ఇక వంశమే ఉండదు. కాబట్టి ఏ రసాయనం అన్న ప్రశ్నతో పాటు ఏ చేప, ఎన్నేళ్ల ఆయుష్షు, ఎంత మోతాదు, ఏ నెలలో అన్నవీ అడగాలి.

మాత్రల కథ మనకు అతకదు

ఐరోపా కథలో మొదటి ముద్దాయి గర్భనిరోధక మాత్ర. తెలంగాణలో కుటుంబ నియంత్రణ అంటే సింహభాగం ఆడవాళ్ల కు.ని. ఆపరేషన్లే. రోజూ మాత్రలు వేసుకునేవారు చాలా తక్కువ. కాబట్టి మన చెరువుల ముద్దాయిల జాబితా వేరుగా రాసుకోవాలి. పట్టణపు మురుగులో మనుషుల సహజ ఈస్ట్రోజెన్లు ఎలాగూ ఉంటాయి, గర్భిణుల మూత్రంలో మరీ ఎక్కువ. పశువుల పేడలో, కోళ్ల ఫారాల ఎరువులో కూడా ఈ హార్మోన్లు ఉంటాయి. వీటితో పాటు నోనైల్‌ఫినాల్ ఇచ్చే డిటర్జెంట్లు, పురుగుమందుల్లో కలిపే ఎమల్సిఫయర్లు ఉన్నాయి. మనకున్న ఊరట ఎండ. వేడికి, వెలుతురుకు, సూక్ష్మజీవులకు సహజ ఈస్ట్రోజెన్లు త్వరగానే విరిగిపోతాయి. మనకున్న చిక్కూ ఎండే. ఏప్రిల్, మే నెలల్లో చెరువు కుంచించుకుపోయి నీరు చిక్కబడినప్పుడు, వచ్చిపడే మురుగును పలుచన చేసేందుకు కొత్త నీరు ఉండదు.

ఈ ప్రాంతపు పెద్ద పద్దు మాత్రం పొలంలోనే ఉంది. మహబూబాబాద్ మిర్చి, మొక్కజొన్న, జనగామ పత్తి, భూపాలపల్లి పత్తి, వరి అన్నీ మందు కొట్టనిదే గట్టెక్కని పంటలు. 2011 మేలో సుప్రీంకోర్టు ఆపేదాకా ఎండోసల్ఫాన్ పత్తి రైతు చేతి మందు. అది చేపలను చంపే విషమని అందరికీ తెలుసు. చంపని మోతాదులో ఏం చేస్తుందో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బి. సెంథిల్‌కుమరన్ బృందం చూసింది. మన చెరువుల్లో దొరికే మార్పు జాతి చేప పిల్లలను ఎండోసల్ఫాన్ కలిపిన నీటిలో పెంచితే మగవాటి వృషణాల ఎదుగుదల దెబ్బతిందని, లైంగిక అవయవాలను మలిచే జన్యువుల పనితీరు మారిందని 2012లో ప్రచురించారు. ఆడపిల్లల అండాశయాల ఎదుగుదల కూడా గతి తప్పింది. ఇది మన చేప, మన మందు, మన రాష్ట్రంలోనే జరిగిన పరిశోధన.

ఎండోసల్ఫాన్ పోయింది, కలుపుమందులు వచ్చాయి. మొక్కజొన్నలో అట్రజిన్‌ను విత్తిన 48 గంటల్లో తేమ ఉన్న నేల మీద పిచికారీ చేస్తారు. 50 శాతం పొడిమందు ఎకరాకు 800 గ్రాముల నుంచి 1,200 గ్రాములు పడుతుంది. అంటే అసలు రసాయనం 400 నుంచి 600 గ్రాములు. 2002లో టైరోన్ హేస్ కప్పల మీద ఇది చూపే ప్రభావాన్ని చెప్పినప్పటి నుంచీ శాస్త్రవేత్తలకు, తయారీదారులకు మధ్య రగడ నడుస్తూనే ఉంది. ఐరోపా దీన్ని వదిలేసుకుంది, అమెరికా వాడుతోంది. చేపల విషయానికొస్తే, అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన ప్రయోగంలో లీటరుకు అర మైక్రోగ్రాము దగ్గరే ఫ్యాట్‌హెడ్ మిన్నో పెట్టే గుడ్ల సంఖ్య తగ్గింది.

ఇందాకటి వంద కోట్ల లీటర్ల చెరువుకే ఈ లెక్క కట్టి చూద్దాం. లీటరుకు అర మైక్రోగ్రాము కావాలంటే మొత్తం అరకిలో అట్రజిన్ చాలు. చెరువు ఎగువన నూరెకరాల మొక్కజొన్నకు సగటున ఎకరాకు అరకిలో పడితే మొత్తం 50 కిలోలు. పెద్ద వాన ఒకటి పడి అందులో నూటికి ఒక వంతు కొట్టుకొచ్చినా ఆ అరకిలో వచ్చేసినట్టే. ఫలానా చెరువులో ఇంత ఉందని ఈ లెక్క చెప్పదు. వెతకాల్సిన చోటేదో మాత్రం చెబుతుంది.

మిరుగం నాటి రెండు క్యాలెండర్లు

ఎంత మందు వచ్చిందన్నదాని కన్నా ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. మిరుగం కురిసి వాగుల్లో కొత్త నీరు కదలగానే చెరువు చేప ఎదురెక్కుతుంది. పరకలు, జెల్లలు, మార్పులు మత్తడి కింది పాయల్లోకి, వరి మడుల్లోకి, మోకాలి లోతు నీటిలోకి వచ్చి గుడ్లు పెడతాయి. కొర్రమట్ట చెరువు అంచున గడ్డి, తుంగ మధ్య గూడు కట్టుకుంటుంది. ఆ పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటిపైకి వచ్చి గాలి పీల్చి మళ్లీ మునుగుతుంటాయి. తల్లిదండ్రులు కిందే కాపలా ఉంటాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇదే వాటి కాలం.

సరిగ్గా అవే రోజుల్లో విత్తిన వెంటనే అట్రజిన్ పడుతుంది. నాటు పడ్డ నాలుగైదు రోజుల్లో వరి మడిలో ప్రెటిలాక్లోర్ పడుతుంది. పత్తికి మొదటి పిచికారీలు మొదలవుతాయి. పొలం మీది మొదటి కడుగు నీరు చెరువు నడిమధ్యకు చేరక ముందే అంచున ఉన్న గుడ్ల మీదుగా, పిల్లల మీదుగా పారుతుంది. లైంగిక అవయవాలు రూపు దిద్దుకునే వారాలు కూడా ఇవే. తిలాపియా హేచరీలో మందు మేత పెట్టేదీ ఈ వయసులోనే. పైరు వేసేవారి క్యాలెండరూ చేప క్యాలెండరూ ఇంత దగ్గరగా ఒకదానిపై ఒకటి పడే చోటు ఐరోపా పరిశోధనల్లో కనిపించదు. అక్కడ మురుగు ఏడాది పొడవునా ఒకే తీరున వస్తుంది. ఇక్కడ ఆరేడు వారాల్లోనే అంతా జరిగిపోతుంది. నెలకొకసారి సీసా నింపుకెళ్లి పరీక్షిస్తే ఆ రోజులు చేజారిపోతాయి.

గొలుసుకట్టు చెరువుల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. పై చెరువు మత్తడి దూకిన నీరే కింది చెరువుకు జీవం. మందు కూడా ఆ దారినే దిగుతుంది. పైన ఒక చెరువు బాగుంటే అక్కడి చేప కూడా ఆ దారినే దిగి కింది చెరువును మళ్లీ నింపుతుంది. జనగామ పొలాలకు దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీరు వస్తుంది. అక్కడి వాననీరు ఆకేరులో కలిసి, మహబూబాబాద్ మీదుగా మున్నేరుకు చేరి చివరికి కృష్ణలో పడుతుంది. ఒక నది నీరు ఇంకో నదికి పోయే ఈ దారి పొడవునా చెరువులే.

బూడిద, గుజ్జు, గంబూసియా

భూపాలపల్లికి వస్తే బొగ్గు ప్రస్తావన తప్పదు. సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఈ జిల్లాకు ఆయువుపట్టు. బొగ్గు బూడిదలో సెలీనియం, కాడ్మియం వంటివి ఉంటాయి. 1970ల్లో అమెరికాలోని నార్త్ కరోలినాలో బెలూస్ సరస్సులోకి విద్యుత్ కేంద్రపు బూడిద చెరువు నీరు చేరితే, అక్కడున్న 20 రకాల చేపల్లో చాలా వరకు కొన్నేళ్లలోనే మాయమయ్యాయి. పెద్ద చేపలు పైకి బాగానే కనిపించాయి. తల్లి ఒంట్లోని సెలీనియం గుడ్డులోకి చేరి పిల్లలను వంకరగా పుట్టించింది, చంపింది. శాస్త్రం లెక్కన ఇది హార్మోన్ల దారి కాదు. ఫలితం మాత్రం అదే, తరువాతి తరం రాదు. కాబట్టి బూడిద చెరువుల చుట్టుపక్కల నీటిని పరీక్షిస్తే చాలదు, చేప జనలో సెలీనియం ఎంతుందో చూడాలి.

గోదావరి ఒడ్డున మంగపేట మండలం కమలాపురంలో గుజ్జు మిల్లు ఉండేది. 2014లో అది ఆగిపోయింది. 2016లో భూపాలపల్లి జిల్లా ఏర్పడినప్పుడు ఆ మండలం అందులోనే ఉంది, 2019లో ములుగు జిల్లాకు వెళ్లింది. గుజ్జు మిల్లు వ్యర్థాల మీద అమెరికాలో వింత ఫలితం వచ్చింది. ఫ్లోరిడాలో కాగితపు మిల్లు దిగువ కాలువలో ఆడ గంబూసియా చేపలకు మగవాటి అవయవం పెరిగిందని 1980లో ప్రచురించారు. కలపలోని స్టెరాల్స్‌ను సూక్ష్మజీవులు మగ హార్మోన్లలాంటి పదార్థాలుగా మార్చగలవన్నది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. దోమల కోసం మన మున్సిపాలిటీలు చెరువుల్లో, బావుల్లో వదులుతున్నది ఆ గంబూసియానే. మగదాని పొట్ట కింద, తోక వైపున్న రెక్క సాగి సన్నని కడ్డీలా ఉంటుంది, ఆడదానిది విసనకర్రలా గుండ్రంగా ఉంటుంది. భూతద్దం ఉంటే బడిపిల్లలు కూడా తేడా పట్టగలరు. కడుపుతో ఉన్న ఆడదానికి కడ్డీ రెక్క కనిపిస్తే ఆ నీటిని పరీక్షకు పంపాల్సిందే.

ఎందుకు కనబడటం లేదు?

బయ్యారం చెరువు కాకతీయుల కాలం నాటిది. ఇలాంటి చెరువుల్లో వందల ఏళ్లు ఎవరూ చేపపిల్లలు కొని పోయలేదు. ఉన్న చేపలు తమను తామే నిలుపుకొన్నాయి. హేచరీలు వచ్చాక ఆ పద్ధతి మారింది. 2016-17 నుంచి ప్రభుత్వమే ఉచితంగా చేపపిల్లలను ఇవ్వడం మొదలుపెట్టింది. మత్స్యకారుల రాబడి పెరగడానికి అది పనికొచ్చింది, కాదనలేం. కానీ ఏటా బయటి నుంచి పిల్లలను పోసే చెరువులో దిగుబడి చూసి నీటి ఆరోగ్యం చెప్పలేం. బొచ్చె, రవ్వ అక్కడ పిల్లలు పెట్టవు కాబట్టి, వాటి సంతాన శక్తి పోయినా పట్టుబడిలో కిలో కూడా తగ్గదు. హార్మోన్ల దెబ్బ తెలిసేది తానుగా పిల్లలు పెట్టే కొర్రమట్ట, మార్పు, జెల్ల, పరకల దగ్గరే. వాటిలో చిన్నవి సంఘం లెక్కకు రావు. కొర్రమట్ట రాష్ట్ర చేప అయినా, ఈ ఏడాది ఎన్ని గుంపులు పిల్లలు వేసిందని అడిగేవారు లేరు. పైగా కొర్రమట్ట, మార్పు నేరుగా గాలి పీలుస్తాయి. నీటిలో ఆక్సిజన్ తగ్గి మిగతావి తేలిపోయినా ఇవి బతుకుతాయి. కాబట్టి చెరువులో ముసలి కొర్రమట్టలు ఉన్నంత మాత్రాన అంతా బాగుందనుకోలేం.

నీటి ప్రమాణాల్లోనూ అదే లోపం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో చేపల పెంపకానికి పనికొచ్చే నీరు డి తరగతి. దానికి పెట్టిన షరతులు మూడే. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య, కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు, అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములకు మించకూడదు. ఈ మూడూ చేప బతుకుతుందా అని అడుగుతాయి, పిల్లలు పెడుతుందా అని అడగవు.

అయితే నాటు చేపలు తగ్గిన ప్రతి చోటా తప్పు హార్మోన్ల రసాయనాలదేనని తేల్చేయకూడదు. చెరువు పూర్తిగా ఎండిపోవడం, మందు కలిపి చేపలు పట్టడం, పిల్లలు పోసే ముందు చిన్న చేపలను ఏరిపారేయడం, దొంగచాటుగా పెంచే నిషేధిత ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వాగుల్లోకి తప్పించుకుని దొరికినదల్లా మింగేయడం, ఎక్కడ పడితే అక్కడ తిలాపియా నిండిపోవడం, ఇవన్నీ ఉన్నాయి. రసాయనాల వాటా ఎంతో తేలాలంటే వీటి నుంచి విడదీసి చూడాలి. అలా విడదీసే ఆధారం చేప ఒంట్లోనే ఉంది. ఎండిన చెరువు మగచేప రక్తంలో విటెల్లోజెనిన్ పుట్టించదు.

ఖర్చు లేని పని నుంచి మొదలుపెడితే

కాబట్టి చేయాల్సినవి ఈ వరసలో చేస్తే బాగుంటుంది. మొదటిది సంఘాల చేతిలోనే ఉంది. జులై నుంచి సెప్టెంబరు దాకా కట్ట మీద నుంచి కనిపించే కొర్రమట్ట పిల్లల గుంపులను వారానికొకసారి లెక్కపెట్టి రాయాలి. చెరువు పట్టినప్పుడు పోసిన చేప, పుట్టిన చేప విడివిడిగా తూకం వేయాలి. మార్కెట్లో చేపలు కోసే ఆడవాళ్ల కత్తి కింద రోజూ వందల పొట్టలు తెరుచుకుంటాయి. సీజన్లో జన ఉన్నవెన్ని, లేనివెన్ని అన్నది వాళ్లకన్నా బాగా ఎవరికీ తెలియదు. వాళ్లను అడిగి రాసుకున్నా అది సమాచారమే.

రెండోది విశ్వవిద్యాలయాల పని. అడవి నీరు చేరే పాకాల లాంటి చెరువు ఒకటి పోలిక కోసం, పట్టణపు మురుగు చేరే చెరువు ఒకటి, మొక్కజొన్న, మిర్చి పొలాల కింది చెరువు ఒకటి, భూపాలపల్లి బూడిద చెరువుల దిగువది ఒకటి ఎంచుకోవాలి. ఒకే జాతి మగచేపలను పట్టి రక్తంలో విటెల్లోజెనిన్ చూడాలి, వృషణాలను సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. నీటి నమూనా మిరుగం తరువాతి మొదటి మూడు పెద్ద వానలకు తీయాలి. ఇలా రెండు మూడేళ్లు చేస్తే ఊహలకు బదులు ఆధారాలు చేతికొస్తాయి.

మూడోది ఫలితాల కోసం ఆగాల్సిన పని కాదు. వాన సూచన ఉన్న రోజున కలుపుమందు కొట్టొద్దన్న సలహా రైతు వేదికల్లో గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కొట్టుకుపోయిన మందు రైతుకూ నష్టమే. శిఖం అంచున గడ్డి, తుంగ ఉండనిస్తే పొలం నీరు కొంత వడకట్టుకుని వస్తుంది, కొర్రమట్టకు గూడూ దక్కుతుంది. పట్టణపు మురుగు చెరువులోకి దిగే ముందు కొంతకాలం మడుగుల్లో నిలిచి ఎండ తగిలేలా చేస్తే సహజ ఈస్ట్రోజెన్లు చాలా మేరకు అక్కడే విరిగిపోతాయి.

కెనడా సరస్సు చెప్పిన మంచి కబురు కూడా ఇదే. మందు రావడం ఆగితే చేప తిరిగొస్తుంది, పిల్లలు పెట్టే తల్లి చేపలు కొన్నయినా మిగిలి ఉంటే. మన గొలుసుకట్టులో అలాంటి తల్లి చేపలు ఏ చెరువుల్లో మిగిలాయో ఇప్పుడే గుర్తించి, ఆ చెరువుల ఎగువ పొలాల నుంచి జాగ్రత్త మొదలుపెట్టాలి. ప్రభుత్వం ఏటా పిల్లలు పోయడానికి పెట్టే డబ్బులో చిన్న వాటాను పుట్టే పిల్లలను లెక్కపెట్టడానికి పెడితే, పోసే ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చో కూడా ఆ లెక్కే చెబుతుంది.